పెరటి ఇంగ్లీషు

భాషావేత్త బ్రజ్ కచ్రు 1970లలో మన విశ్వవిద్యాలయాల పీజీ విద్యార్థుల్ని ఇంగ్లీషు గురించి కొన్ని ప్రశ్నలు అడిగారు. వాటిలో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలి. మీరు మాట్లాడేది ఏ ఇంగ్లీషు అంటే నూటికి 55 మంది ఇండియన్ ఇంగ్లీషే అన్నారు. మరి ఏ ఇంగ్లీషును నమూనాగా పెట్టుకోవాలి అంటే మూడింట రెండు వంతుల మంది బ్రిటిష్ వైపు చెయ్యెత్తారు. ఇండియన్ ఇంగ్లీషుకు మొదటి స్థానం ఇచ్చినవాళ్లు 23 మంది లోపే. అమెరికన్‌కు ఓ ఐదుగురు. దొరలు వెళ్లిపోయి పాతికేళ్లు దాటిన కాలం అది. ఆ విద్యార్థులకు అక్షరాలు దిద్దించిన దగ్గర్నుంచి పాఠం చెప్పినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. నేర్చుకున్నది ఒకరి దగ్గర, దండం పెట్టింది మరొకరికి. పెరటి చెట్టు మందుకు పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ లెక్క అక్కడే ఆగిపోలేదు. 1991లో అచ్చయిన అంజు సహగల్ ఢిల్లీ సర్వేలో ఇండియన్ ఇంగ్లీషును ఆదర్శంగా ఒప్పుకున్నవాళ్లు నూటికి 47 మందికి చేరారు. 2002లో ఐవర్ టిమ్మిస్ 14 దేశాల్లో 400 మంది విద్యార్థుల్ని అడిగితే, మొత్తం మీద మూడింట రెండు వంతుల మంది నేటివ్ స్పీకర్ల ఉచ్చారణే కావాలన్నారు. కానీ భారత్, పాకిస్తాన్, దక్షిణాఫ్రికా విద్యార్థుల్ని విడదీసి చూస్తే ఆ లెక్క తలకిందులైంది. వాళ్లలో ఎక్కువమంది, మాట తేటగా అర్థమైతే చాలు, మా యాస మాకుండనీ అన్నారు. అంటే ఇంగ్లీషు వీధిలోనూ ఆఫీసులోనూ రోజూ వినిపించే దేశాల్లో సిగ్గు తగ్గుతోంది. అది పాఠ్యపుస్తకంలో మాత్రమే ఉన్న దేశాల్లో పరాయి గొంతు మీద మోజు అలాగే ఉంది.

ఈ పరిశోధనల్ని వరసగా చదువుతూ పోతే ఒక అనుమానం బలపడుతుంది. బ్రిటిషా, ఇండియనా అని అడిగినప్పుడల్లా, తరగతి గదిలో ఎన్నడూ లేని ఎంపికను విద్యార్థి ముందు పెడుతున్నాం. బడిలో ఉన్న నమూనా ఒక్కటే, ఆ టీచరు నోట్లో ఉన్న ఇంగ్లీషు. పిల్లలు దాన్నే నేర్చుకుంటారు. మిగిలినదంతా గోడ మీద పటం. కాబట్టి స్థానిక ఇంగ్లీషును బడిలోకి రానివ్వాలా వద్దా అనే చర్చ, ఇంట్లో కాపురం ఉంటున్నవాణ్ణి గడప దాటనివ్వాలా అని తర్జనభర్జన పడటం లాంటిది. తేల్చుకోవలసినవి వేరే ఉన్నాయి. ఆ స్థానిక ఇంగ్లీషు ఏ వర్గానిది? దానికి మెరుగు పెట్టే పూచీ ఎవరిది? దాన్ని ఏ పరీక్ష కొలుస్తుంది?

చరిత్ర కొంత చెప్పుకోవాలి, ఎందుకంటే వాదనలో ఎవరు ఎటు నిలబడ్డారన్నది మనం ఊహించుకునేలా ఉండదు. 1907లో జార్జ్ విట్‌వర్త్ అనే ఆంగ్లేయుడు, ఇండియన్లు ఇంగ్లీషు రాతలో చేసే నుడికారపు తప్పుల్ని ఏరి ఏకంగా ఒక పుస్తకమే వేశారు. ఆ తర్వాత అర్ధ శతాబ్దం పాటు ఇండియన్ ఇంగ్లీషు అంటే తప్పుల పట్టికే. 1964లో ముగ్గురు బ్రిటిష్ భాషావేత్తలు, హాలిడే, మెకింటాష్, స్ట్రెవెన్స్, భాషాబోధన మీద రాసిన పుస్తకంలో ఒక కొత్త మాట చెప్పారు. ఇంగ్లీషు ఇప్పుడు ఒక్క ఇంగ్లండు సొత్తు కాదు, కొత్తగా స్వతంత్రమైన దేశాల్లో చదువుకున్నవాళ్లు మాట్లాడే ఇంగ్లీషే ఆ దేశపు బళ్లకు నమూనా కావచ్చు అన్నారు. ఆ మాట విని మండిపడింది ఇండియనో నైజీరియనో కాదు, అమెరికాకు చెందిన క్లిఫర్డ్ ప్రేటర్. 1968లో ఆయన రాసిన వ్యాసం పేరులోనే ఈ ధోరణిని మతద్రోహంతో పోల్చారు. తక్కిన ఇంగ్లీషు ప్రపంచానికి చదువుకున్నవాళ్ల ఇంగ్లీషుల్లో అన్నిటికన్నా అర్థం కానిది ఇండియన్లదే అని కూడా తీర్పు చెప్పేశారు. కచ్రు 1976లో ఆయనకు జవాబిస్తూ ప్రేటర్ చేసిన పాపాలు ఏడని లెక్కగట్టి మరీ చూపించారు. పండితుల పోట్లాటలు ఇంత సరదాగా ఉండటం అరుదు.

రెండో విడత 1990లో జరిగింది. ఈసారి ఎదుటి పక్షంలో ఉన్నది రాండాల్ఫ్ క్వర్క్. ఇంగ్లీషు వ్యాకరణం మీద ఆయన చేసిన పని తెలిసినవాళ్లెవరూ ఆయన్ని తేలిగ్గా తీసుకోరు. స్థానిక రకాల పేరుతో పిల్లలకు ప్రామాణిక ఇంగ్లీషు దక్కకుండా చేస్తున్నారు, ఉద్యోగం కోసం, ఎదుగుదల కోసం వాళ్లు కోరుకునేది దాన్నే, టీచర్లు నేటివ్ భాషతో ఎప్పుడూ సంబంధం తెగకుండా చూసుకోవాలి అని ఆయన వాదన. కచ్రు మరుసటి ఏడాది, క్వర్క్ వ్యాసం వచ్చిన ఇంగ్లిష్ టుడే పత్రికలోనే, బహుభాషా సమాజాల్లో బడి ఎలా నడుస్తుందో క్వర్క్‌కు పట్టలేదని తిప్పికొట్టారు. పరిశోధన గ్రంథాల్లో ఈ ఘట్టాన్ని సాధారణంగా కచ్రు విజయంగా రాస్తారు. నాకైతే క్వర్క్ భయంలో ఒక పాలు నిజం కనిపిస్తుంది. ఆయన చెప్పిన మందు మాత్రం పనికిరానిది. లక్షల మంది టీచర్లు నేటివ్ భాషతో నిత్య సంబంధం పెట్టుకోవడం ఏ దేశంలో సాధ్యం? జపాన్ 1987 నుంచి జెట్ పథకం కింద, హాంకాంగ్ 1998 నుంచి నెట్ పథకం కింద విదేశీయుల్ని బళ్లలోకి తెచ్చుకుంటున్నాయి. డబ్బున్న సమాజాలు కాబట్టి ఆ ముచ్చట తీర్చుకోగలిగాయి. అక్కడ కూడా సిలబస్ పూర్తిచేసేది, పరీక్షకు తయారుచేసేది స్థానిక టీచరే.

ఈ కథలో హైదరాబాద్‌కు ఉన్న చోటు మనవాళ్లలోనే చాలామందికి తెలియదు. సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ 1958లో ఇక్కడ పుట్టింది. బ్రిటిష్ కౌన్సిల్, ఫోర్డ్ ఫౌండేషన్ చేయూత దానికి ఉంది. తర్వాత సీఫెల్ అయింది, 2007 నుంచి ఇఫ్లూ. దేశం నలుమూలల నుంచి ఇంగ్లీషు టీచర్లు శిక్షణకు అక్కడికే వచ్చేవారు. అక్కడి ఆచార్యుడు ఆర్.కె. బంసల్ 1969లో ఇండియన్ ఇంగ్లీషు ఎంతవరకు అర్థమవుతుందన్న దాని మీద తన పరిశోధనను ప్రచురించారు. వేర్వేరు మాతృభాషల ఇండియన్ల మాటలు రికార్డు చేసి బ్రిటిష్ శ్రోతలకు వినిపిస్తే సగటున నూటికి 70 పాళ్లు అర్థమైంది. ప్రేటర్ శాపనార్థాలకు ఇది కొంత జవాబే. అయితే బంసల్ ఆ మిగిలిన 30 పాళ్లను కప్పిపుచ్చలేదు. ఎక్కడ తడబాటు వచ్చిందో వెతికారు. మాటలో ఏ అక్షరాన్ని ఒత్తి పలకాలో అది పలక్కుండా మరొకదాన్ని ఒత్తడమే ముఖ్య కారణాల్లో ఒకటని తేల్చారు. ఆయనా ఆయన సహచరులూ కలిసి, ఏ ప్రాంతపు యాసా మరీ పైకి తేలకుండా చదువుకున్న ఇండియన్లు మాట్లాడే ఇంగ్లీషుకు జనరల్ ఇండియన్ ఇంగ్లిష్ అని పేరు పెట్టి, 1972లో దాని ధ్వనుల పట్టికను వెలువరించారు. వ, డబ్ల్యూ మధ్య తేడా ఉండదు, థింక్‌లో నాలుక పళ్లకు తగిలే థ వినిపిస్తుంది, ట, డలు మన ట, డలే, కార్ చివరి ర్ మింగేయరు. 1979లో నిహలానీ, టంగ్, హోసాలీ ఇండియన్, బ్రిటిష్ వాడుకల తేడాలతో చేతిపుస్తకమూ తెచ్చారు.

ఇక దాన్ని బడికి తీసుకెళ్లడమే తరువాయి అనిపిస్తుంది. అది జరగలేదు. వర్ణించడానికి ధైర్యం వచ్చింది కానీ, ఇదే నేర్పండి అని ఆదేశించే ధైర్యం ఎవరికీ రాలేదు. శిక్షణ తరగతుల్లో, బీఎడ్ పుస్తకాల్లో ఆర్‌పీగా పిలిచే దక్షిణ ఇంగ్లండు పెద్దింటి ఉచ్చారణే ఉండిపోయింది. ఆ ఉచ్చారణ బ్రిటన్‌లోనే నూటికి ముగ్గురు, నలుగురికి మించి మాట్లాడరని అక్కడి భాషావేత్తలే అంచనా కట్టారు. నైజీరియాకు చెందిన అయో బాంబోషే 1998లో దీనికి సరైన కారణం చెప్పారనుకుంటాను. ఒక స్థానిక ఇంగ్లీషు నిలదొక్కుకోవాలంటే మాట్లాడేవాళ్ల సంఖ్య సరిపోదు, దానికి నిఘంటువు కావాలి, వ్యాకరణం కావాలి, పరీక్షాధికారులు దాన్ని ఒప్పుకోవాలి అన్నారు. అవేవీ లేనప్పుడు, విద్యార్థి తప్పు రాశాడా మనవాళ్ల తీరులో రాశాడా అన్నది తేల్చుకోవడానికి టీచరు చేతికి ఏదీ అందదు. అప్పుడు లండన్ నిఘంటువు తీయక ఏం చేస్తాడు?

అర్థం కావడం అనే మాట దగ్గర ఇంకాసేపు ఆగాలి. 1979లో లారీ స్మిత్, ఖలీలుల్లా రఫీక్‌జాద్ తొమ్మిది దేశాల వక్తల ఇంగ్లీషును 11 దేశాల్లో 1,386 మందికి వినిపించారు. అందరికన్నా తక్కువగా అర్థమైన గొంతుల్లో అమెరికన్ ఒకడు. ఇండియా, శ్రీలంక, జపాన్ గొంతులు అతనికన్నా మేలనిపించాయి. మరో ప్రయోగం ఇంతకన్నా గుచ్చుకుంటుంది. 1992లో డొనాల్డ్ రూబిన్ అమెరికాలో ఒకే ఉపన్యాసం టేపును, అదీ అమెరికన్ మహిళ గొంతుతో చేసినదాన్ని, రెండు బృందాల విద్యార్థులకు వినిపించారు. ఒక బృందం ముందు తెల్ల మహిళ ఫొటో, రెండో బృందం ముందు ఆసియా మహిళ ఫొటో. రెండో బృందానికి లేని యాస వినిపించింది, పాఠమూ తక్కువ అర్థమైంది. మన పిల్లలు అమెరికా విశ్వవిద్యాలయాల్లో టీచింగ్ అసిస్టెంట్లుగా నిలబడే తరగతులు ఇలాంటివే. అర్థం కాలేదన్న ఫిర్యాదుల్లో ఎన్ని చెవి చేసినవో, ఎన్ని కన్ను చేసినవో ఆలోచించుకోవలసిందే. యాస మార్చుకుంటే సరిపోతుందని చెప్పే స్పోకెన్ ఇంగ్లీషు కోచింగ్ బోర్డుల్లో ఈ సంగతి ఉండదు.

2000లో జెన్నిఫర్ జెంకిన్స్ అసలు ఏ ధ్వనులు పోతే మాట అర్థం కాకుండా పోతుందో వెతికి ఒక చిన్న జాబితా చేశారు. నేటివ్ కాని ఇద్దరు ఇంగ్లీషులో మాట్లాడుకునేటప్పుడు ఎక్కడ దెబ్బతింటున్నారన్నది ఆమె చూశారు. థ, దలను ఎలా పలికినా ఫరవాలేదన్నారు. అచ్చుల దీర్ఘ హ్రస్వాలు ఉండాలి, వాక్యంలో ముఖ్యమైన మాట మీద ఒత్తు ఉండాలి, పిన్, టిన్, కిన్ లాంటి మాటల మొదట ప, ట, కలకు కాస్త గాలి తోడవ్వాలి. తెలుగు పిల్లల వైపు నుంచి చూస్తే ఈ జాబితా ఆసక్తిగా ఉంటుంది. దీర్ఘాలు మనకు ఉగ్గుపాలతో వచ్చేవే. బ్యాంకు, క్యాటులో ఉన్న అచ్చు మన వచ్చాడు, చెప్పాడుల వాడుక పలుకులో రోజూ వినిపిస్తుంది, దానికోసం ల్యాబ్ అక్కర్లేదు. గాలి తోడవని ప మాత్రం పరాయి చెవికి బ లాగా వినబడుతుంది. ఎగ్‌ను యెగ్గు, ఓల్డ్‌ను వోల్డు, ఎమ్మెల్యేను యమ్మెల్యే అనడం మనలో చాలామందికి ఉన్న అలవాటు. అందులో ఏది మాటను చెడగొడుతుందో, ఏది వట్టి ఊరి గుర్తో విడదీసి టీచరుకు చెప్పే పుస్తకం ఉంటే ఎంత బాగుండేదో.

ఇక్కడ బంసల్‌కూ జెంకిన్స్‌కూ ఒక పేచీ ఉంది. మాటలో ఏ అక్షరాన్ని ఒత్తాలన్నది ప్రాణప్రదమని బంసల్ అన్నారు. దాన్ని తరగతిలో నేర్పడం దాదాపు అసాధ్యం, పోయినా కొంప మునగదు అన్నట్టు జెంకిన్స్ పక్కన పెట్టారు. ఇద్దరిలో ఒకరు పొరబడ్డారని అనుకోనక్కర్లేదు. బంసల్ శ్రోతలు బ్రిటిష్ వాళ్లు. జెంకిన్స్ శ్రోతలు ఇంగ్లీషును మనలాగే తర్వాత నేర్చుకున్నవాళ్లు. మీ విద్యార్థి రేపు ఎవరితో మాట్లాడతాడన్నదాన్ని బట్టి ఏం నేర్పాలో మారుతుందన్నమాట. ఏలూరు కుర్రాడు ముందు ఒరియా, తమిళ, మరాఠీ సహోద్యోగులతో మాట్లాడతాడు. లండన్ ఆ తర్వాత సంగతి. అయినా 2007లో జెంకిన్స్ తన జాబితా గురించి, యాసల గురించి టీచర్లనే కదిలిస్తే, నేటివ్ కాని టీచర్లే ఎక్కువగా బ్రిటన్, అమెరికా యాసలకు పట్టం కట్టారు. సొంత యాసను వాళ్లే కిందికి నెట్టారు. 1960లో వాలెస్ లాంబర్ట్ మాంట్రియల్‌లో ఒకే మనిషి చేత రెండు భాషల్లో చదివించి, ఇద్దరనుకునేలా వినిపించినప్పుడు కూడా ఫ్రెంచి వాళ్లు ఫ్రెంచి గొంతుకే తక్కువ మార్కులు వేశారు. తనను తాను తక్కువ చేసుకోవడంలో మనిషికి దేశకాలాల భేదం లేదు.

సింగపూర్ ఈ వ్యవహారాన్ని ప్రభుత్వ ఉద్యమంగా నడిపింది. అక్కడి వాడుక ఇంగ్లీషైన సింగ్లిష్ మన పిల్లల మెడకు తగిలించకూడని గుదిబండ అన్నట్టుగా లీ క్వాన్ యూ 1999లో మాట్లాడారు. అదే ఏడాది ప్రధాని గో చోక్ టాంగ్ జాతీయ ప్రసంగంలో ఫువా చూ కాంగ్ అనే టీవీ హాస్య సీరియల్ పాత్రను పేరుపెట్టి మందలించి, అతన్ని ఇంగ్లీషు క్లాసులకు పంపమన్నారు. లేని మనిషికి ట్యూషన్ పెట్టించిన ప్రధాని ఆయనొక్కరేనేమో. 2000లో స్పీక్ గుడ్ ఇంగ్లిష్ ఉద్యమం మొదలైంది. అయితే జనం సాధారణంగా గమనించని సంగతి ఒకటి ఉంది. సింగపూర్ కోరినది ప్రపంచంలో నలుగురికీ చెల్లే ప్రామాణిక ఇంగ్లీషు. దాన్ని సింగపూర్ గొంతుతో మాట్లాడటాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. వ్యాకరణం దగ్గర పట్టు, యాస దగ్గర సడలింపు. 2016లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సింగ్లిష్ మాటలు కొన్నింటిని తనలో చేర్చుకుంది. సింగ్లిష్‌ను వెనకేసుకొస్తూ గ్వీ లి సుయి న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాశారు. దానికి ప్రధాని పత్రికా కార్యదర్శి స్వయంగా జవాబు రాశారు. పదహారేళ్ల తర్వాత కూడా సర్కారుకు నిద్ర పట్టలేదు.

శ్రీలంక దీనికి సరిగ్గా ఎదురు దారిలో వెళ్లింది, ఆ దారి హైదరాబాద్ మీదుగా వెళ్లింది. రాజపక్స ప్రభుత్వం 2009లో ఇంగ్లీషును బతుకుతెరువు నైపుణ్యంగా ప్రకటించి, మన ఇంగ్లీషు మన తీరులో మాట్లాడదాం అన్న నినాదంతో కార్యక్రమం చేపట్టింది. టీచర్లకు శిక్షణ ఇచ్చే బృందాన్ని తయారుచేయించడానికి లండన్‌కు కాకుండా హైదరాబాద్ ఇఫ్లూకు పంపింది. ఒక దక్షిణాసియా దేశం మరో దక్షిణాసియా దేశం దగ్గర ఇంగ్లీషు నేర్పడం నేర్చుకోవడం నాకు తెలిసి అంతకుముందు ఇంత బాహాటంగా జరగలేదు. అప్పటికే, 2007లో, మైకేల్ మైలర్ శ్రీలంక ఇంగ్లీషు నిఘంటువు వేసి ఉన్నారు. బాంబోషే చెప్పిన సరంజామాలో కొంత అమరిందన్నమాట.

అక్కడ తేలిన చిక్కు మన కళ్లు తెరిపించాలి. శ్రీలంకలో ఇంగ్లీషుకు జనం పెట్టుకున్న పేరు కడువ, అంటే కత్తి. ఇంగ్లీషు వచ్చినవాడు రానివాణ్ణి దాంతో నరుకుతాడు. ఆ కత్తికి ఇంకో అంచు ఉంది. ఇంగ్లీషు ఎంతో కొంత వచ్చినవాళ్లలోనే నాట్, పాట్ లాంటి మాటల్లో అచ్చు సరిగ్గా పలకనివాళ్లను నాట్ పాట్ గాళ్లని వెక్కిరిస్తారు. వెక్కిరించేది బ్రిటిష్ వాడు కాదు, కొలంబో పెద్దింటివాడు. శ్రీలంక ఇంగ్లీషు అని గౌరవంగా పేరు పెట్టి నమూనాగా నిలబెట్టింది కూడా ఆ పెద్దింటివాళ్ల ఇంగ్లీషునే, పల్లె బడి నుంచి వచ్చినవాడి పలుకు అందులో లెక్కకు రాదు అని అర్జున పరాక్రమ 1995లోనే రాశారు. పరాయి కొలబద్దను తీసేసి సొంత కొలబద్ద పెట్టినా, పల్లెవాడు పొట్టిగానే మిగిలాడు.

మన దగ్గరా అంతే. ఇండియన్ ఇంగ్లీషు మీద రాసిన ప్రతి పుస్తకంలో దాని ముందు చదువుకున్నవారి అన్న విశేషణం తప్పక ఉంటుంది. ఎక్కడ చదువుకున్నవారు? ఆబిడ్స్ కాన్వెంటులోనా, ఆముదాలవలస జిల్లా పరిషత్ హైస్కూల్లోనా? మన సమాజం ఈ తేడాను ఎంత పదునుగా పట్టుకుంటుందో సినిమా హాస్యం చూస్తే తెలుస్తుంది. యెగ్గు, వోల్డు అన్నవాడి మీద జోకు. అమెరికా వెళ్లొచ్చి ట, డలు మెత్తగా దొర్లించినవాడి మీద కూడా జోకే, వాడు పోజు కొడుతున్నాడు. టీచరు ఈ రెండు నవ్వుల మధ్య సందులో నిలబడి పాఠం చెప్పాలి. ఆర్‌పీలో మాట్లాడితే పిల్లలు నవ్వుతారు, ఇంటి పలుకులో మాట్లాడితే ఫీజు కట్టిన తండ్రి నవ్వుతాడు. ఇండియన్ ఇంగ్లీషు మీద నిసిం ఎజెకీల్ లాంటి పెద్ద కవే వెటకారపు పద్యాలు కట్టాడు. రాజారావు 1938లో కాంతాపుర నవల ముందుమాటలో మన తీరు ఇంగ్లీషు మనకు రావాలని కోరినదానికి ఇది ఎదురుబాట. తరగతిలో పాఠ్యాంశంగా మాత్రం ఇద్దరూ పక్కపక్కనే ఉంటారు.

పదాల దగ్గరికొస్తే తగువు చాలా తేలికవుతుంది. తోడల్లుణ్ణి కోబ్రదర్ అని, తోడికోడల్ని కోసిస్టర్ అని మనం అంటాం. ఇంగ్లీషువాడికి ఆ చుట్టరికానికి పిలుపే లేదు కాబట్టి అది తప్పెలా అవుతుంది? లక్ష, కోటి, ప్రీపోన్, బ్యాచ్‌మేట్ లాంటివి కూడా ఈ కోవలోవే. వ్యాకరణం దగ్గర జాగ్రత్త వేరు. ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్ అన్న వాక్యం దేశమంతా వినిపిస్తుంది, అందరికీ అర్థమవుతుంది, కానీ దరఖాస్తులో రాస్తే ఉద్యోగం ఇచ్చేవాడు పక్కన పెడతాడు. వాడు ఇండియనే అయినా సరే. మాటకొక న్యాయం, రాతకొక న్యాయం అని చెప్పే ధైర్యం పాఠ్యప్రణాళిక రాసేవాళ్లకు ఉండాలి. ఉచ్చారణలో మన గొంతును ఒప్పుకుని, రాతలో ప్రపంచమంతటా నడిచే వ్యాకరణాన్ని పట్టుగా నేర్పడం నాకు సబబుగా తోస్తుంది. సింగపూర్ చేసింది దాదాపు అదే, ఆ హడావిడి లేకుండా చేస్తే సరిపోతుంది.

ఈ మాట అనగానే ఒక గట్టి అభ్యంతరం వస్తుంది, దాన్ని పక్కకు నెట్టడానికి వీల్లేదు. దళిత రచయిత చంద్రభాన్ ప్రసాద్ 2010లో ఉత్తరప్రదేశ్‌లోని బాంకా గ్రామంలో ఇంగ్లీషు దేవతకు గుడి తలపెట్టారు. మెకాలే పుట్టినరోజు జరిపారు. మన కంచ ఐలయ్య ఎన్నో ఏళ్లుగా బహుజన పిల్లలకు ఇంగ్లీషు చదువు హక్కని వాదిస్తున్నారు. వాళ్ల దృష్టిలో స్థానిక ఇంగ్లీషు అన్న మాటకు ఒక చెడు వాసన ఉంది. పెద్దకులాల పిల్లలు అసలు సరుకు కొనుక్కుని, మా పిల్లలకు లోకల్ సరుకు చాలని చెబుతున్నారా అన్నది ఆ అనుమానం. తరతరాలుగా రెండో రకమే చేతికి వచ్చినవాళ్లకు ఆ అనుమానం రావడం సహజం. దీనికి జవాబు వాదనలో దొరకదు. కార్పొరేట్ బడికీ సర్కారు బడికీ ఒకే నమూనా, ఒకే రికార్డింగ్, ఒకే పరీక్ష పెట్టినప్పుడే అది తీరుతుంది.

మన రెండు రాష్ట్రాల్లో చర్చ మొత్తం మాధ్యమం చుట్టూ తిరిగింది. ఆంధ్రప్రదేశ్ 2019 నవంబరులో ప్రభుత్వ బళ్లలో ఇంగ్లీషు మీడియం కోసం జీవో 81 ఇచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణ 2022-23 నుంచి ప్రభుత్వ బళ్లలో ఇంగ్లీషు మీడియం తెచ్చింది. పత్రికల్లో పేజీల కొద్దీ వాదోపవాదాలు. ఏ ఇంగ్లీషు అన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టలేదు. తెలుగు మీడియంలో చదివి డీఎస్సీ రాసి వచ్చిన టీచరు సోషల్, సైన్సు పాఠాలు ఇంగ్లీషులో చెబుతున్నప్పుడు, ఆ పిల్లలకు ఇంగ్లీషు నమూనా ఆ ముగ్గురు నలుగురు సబ్జెక్టు టీచర్లే. ఇంగ్లీషు టీచరు ఒక్కరే కాదు. ఈ లోపల ఆ ప్రశ్నకు జవాబు పెరటి దారిన వచ్చేసింది. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ బడి పిల్లల కోసం టోఫెల్ పరీక్షలకు అమెరికా సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం చేసుకుంది. మూడో తరగతి పిల్లల ఇంగ్లీషు ఎలా ఉండాలో న్యూజెర్సీలో తయారైన పరీక్ష తేల్చబోయింది. దాని మీద జరిగిన రగడ ఖర్చు గురించి. 2024లో ప్రభుత్వం మారాక పథకం ఆగింది. ఆగింది కూడా యాస గురించి ఆలోచించి కాదు.

విచిత్రమేమిటంటే కొలిచేవాళ్లే ఈమధ్య కొలబద్ద మార్చుకుంటున్నారు. యూరప్ దేశాలు భాషా సామర్థ్యాన్ని కొలవడానికి వాడే సీఈఎఫ్‌ఆర్ 2018లో తన ఉచ్చారణ ప్రమాణాలను తిరగరాసి, నేటివ్ స్పీకర్ అన్న పోలికను తీసేసింది, అర్థం కావడాన్ని ఆ చోట పెట్టింది. మార్కెట్ మాత్రం ఇంకో వైపు లాగుతోంది. 2000ల మొదట్లో కాల్ సెంటర్లు యాస కడిగేసే శిక్షణ ఇచ్చేవి. ఇప్పుడు సనాస్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఇండియన్ ఉద్యోగి గొంతును అప్పటికప్పుడే అమెరికన్ చెవికి నచ్చేలా మార్చి పంపుతున్నాయి. దీన్ని అవమానం అనేవాళ్లున్నారు. ఒక్క లాభమైతే ఉంది. కాల్ సెంటర్ ఉద్యోగం పేరు చెప్పి బడిలో యాస తోమాలన్న వాదనకు కాళ్లు విరిగిపోయాయి. ఆ పని యంత్రం చేసుకుంటుంది. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ వేదిక మీద మన చెవికి ఇట్టే తెలిసిపోయే గొంతుతోనే మాట్లాడుతుంటే వినడానికి ఎవరికీ అడ్డేమీ రాలేదు. అయితే నాదెళ్ల గొంతును చూపించి సర్కారు బడి పిల్లాడికి ధైర్యం చెప్పడం కూడా అన్యాయమే. ఆయనది ఇండియన్ ఇంగ్లీషులో పైమెట్టు.

రెండు రాష్ట్రాల పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ఇంగ్లీషు రాత పేపరే, నోరు తెరిచే పని లేదు. కొలవనిదాన్ని టీచరు నేర్పడు, నేర్పనిదాని మీద అభిప్రాయాలు మాత్రం అందరికీ ఉంటాయి. మాట్లాడే పరీక్ష పెట్టిన రోజున, మార్కులు వేసే టీచరుకు ఏది తప్పు, ఏది మన తీరు అన్నది కాగితం మీద ఇవ్వక తప్పదు. బంసల్ పట్టికను తెలుగు, ఉర్దూ, గోండి, సవర పిల్లల పలుకుతో సరిచూసి కొత్తగా రాయడం ఇఫ్లూకు, రెండు ఎస్సీఈఆర్టీలకు చేతకాని పనేమీ కాదు. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ఎలాగూ ఉన్నాయి. వాటి వెనక పాఠం చదివే గొంతుల్లో కొన్ని ఇచ్ఛాపురం నుంచి, ఉట్నూరు నుంచి ఉండొచ్చు. వినికిడి అభ్యాసాలకు లాగోస్, మనీలా, గ్లాస్గో గొంతులు కూడా తెచ్చిపెట్టొచ్చు. పిల్లలు రేపు ఉద్యోగాల్లో వినబోయేది ఆ కలగూరగంపనే.